ఈ పూట ఏం కూర? – జవాబు తయారుచేసే విధానం

కూర వండటం నేర్పే పుస్తకాలకు మనకు కొదవ లేదు. మాలతీ చందూర్ గారి ‘వంటలు–పిండివంటలు’ పట్టుకుని కాపురానికి వచ్చినవాళ్లు ఇప్పుడు మనవరాళ్లకు వంట నేర్పుతున్నారు. కానీ వండిన కూర పేరు పక్కింటావిడకు ఎలా చెప్పాలో ఏ పుస్తకమూ నేర్పలేదు. చిలకలూరిపేటలో చీకటి పడే వేళ గుమ్మంలోకి వచ్చిన మనిషికి ముందు కావాల్సింది ఆ విద్యే. ‘‘ఏందొదినా, ఈ పూట ఏం కూర?’’ అని పిట్టగోడ మీదనుంచి ప్రశ్న వచ్చి పడుతుంది. తడబడ్డారో, తెల్లారి పాలప్యాకెట్ల వేళకల్లా మీ ఇంట్లో ఏదో గొడవైందని వీధంతా తేల్చేస్తుంది. కొత్త కోడళ్లకూ, కొత్తగా అద్దెకు దిగినవాళ్లకూ పనికొస్తుందని ఈ విధానం రాస్తున్నాను.

కావలసినవి

అడిగే వదిన: ఒకరు. పిట్టగోడ: ఒకటి (అపార్ట్‌మెంట్ అయితే లిఫ్టు ముందు జాగా చాలు). ‘ఏముందిలే’ అన్న మాట: ధారాళంగా. కూర: ఉంటే మంచిది. నిజం: చిటికెడు, దించబోయే ముందు.

1. గొప్ప కూరను చిన్న మాటలో, చిన్న కూరను పెద్ద మాటల్లో చెప్పండి

పొద్దున్నే వెళ్లి దగ్గరుండి కొట్టించుకొచ్చిన పొట్టేలు మాంసం, కాడలు గిల్లి కడిగి ఆరబెట్టిన ఎర్ర గోంగూర, రెండు గంటల పొయ్యి సేవ – ఇంత జరిగినా మీరు అనాల్సింది ఒక్కటే: ‘‘ఏముందిలే వదినా, ఇంత గోంగూర వేసి మాంసం పడేశా.’’ ఆ ‘పడేశా’లో ఉన్న దర్జా ఏ పట్టుచీరలోనూ లేదు.

ఉన్నది ఉత్త దోసకాయ పప్పే అయితే మాత్రం తొందరపడకండి. కందిపప్పు దోరగా వేయించిన సంగతి, దోసకాయ చేదు చూసిన సంగతి, ముక్క చితక్కుండా దించిన ఒడుపు, చివర్లో నేతిలో ఇంగువ, వెల్లుల్లి, ఎండుమిర్చి తాలింపు – వరసగా చెప్పండి. వినేసరికి వదినకు తన ఇంట్లో ఉన్న కోడికూర మీద విరక్తి పుట్టాలి.

2. అబద్ధం చెప్పేముందు గాలి ఎటు వీస్తోందో చూసుకోండి

మన ఊళ్లో తాలింపుకు గోడలు అడ్డం రావు. గుంటూరు యార్డుకు వచ్చే రకాల్లో బ్యాడిగి వేస్తే కూరకు రంగొస్తుంది, వీధికి ఏమీ కాదు. తేజ కాయ నూనెలో పడిందంటే మూడిళ్ల అవతల కూడా దగ్గు మొదలవుతుంది. అది దగ్గు కాదు, సాక్ష్యం. వీధి మొత్తం కళ్లు తుడుచుకుంటుండగా ‘‘గ్యాస్ ట్రబులని కారం మానేశాం పిన్నీ’’ అనకండి.

కుక్కరు కూతల విషయంలోనూ జాగ్రత్త. పప్పుకు మూడో నాలుగో, మాంసానికి ఏడో ఎనిమిదో. ఆదివారం పొద్దున ఎన్ని కూతలు వచ్చాయో మీరు లెక్కపెట్టకపోవచ్చు, ఎదురింటావిడ పెట్టి ఉంటుంది. ఎనిమిది కూతలు కూయించి రాత్రికి ‘‘పప్పుచారు’’ అంటే నమ్మినట్టు తల ఊపుతుంది గానీ, ఆ ఊపుడు వేరుగా ఉంటుంది.

3. వారం మరవకండి

సోమవారం, శనివారం, కార్తీకమాసం – వీటిలో నోరు జారితే సర్దుకోవడం కష్టం. శనివారం రాత్రి ఎవరు అడిగినా ‘‘మాకేం లేదమ్మా, శనివారం ఒంటిపూటే’’ అనాలి. తర్వాత లోపలికి వెళ్లి నాలుగు పెసరట్లు, మధ్యలో ఉప్మా, పక్కన అల్లప్పచ్చడి, పైన రెండు అరటిపళ్లు, గ్లాసెడు పాలతో ఉపవాసం పూర్తి చేయాలి. మెతుకు ముట్టనంతవరకు ఉపవాసానికి భంగం లేదన్నది మన ప్రాంతపు ధర్మశాస్త్రం.

4. మిర్చి ధర చూసి కూర పేరు చెప్పండి

పేట చుట్టుపక్కల ఊళ్లలో, సాగర్ కుడికాలువ కింద మిరప వేసిన ఇళ్లలో ఈ నియమం తప్పనిసరి. యార్డులో ధర పలికిన ఏడాది ‘‘ఏముంది, పచ్చడి మెతుకులే’’ అనాలి. లేదంటే చేబదులు అడిగేవాళ్లు అన్నం వార్చకముందే అరుగెక్కుతారు. ధర పడిపోయిన ఏడాది రోజూ నాటుకోడి, వారానికి రెండుసార్లు చేపల పులుసు అనాలి. లేదంటే అప్పిచ్చినవాళ్లకు అనుమానమొస్తుంది.

2025 మొదట్లో మిర్చి ధర ఎంత దిగజారిందంటే, ఫిబ్రవరిలో కేంద్రం కల్పించుకుని మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు లెక్కగట్టింది. పెట్టుబడే రాదని రైతులు మొత్తుకున్న ఆ రోజుల్లో పిట్టగోడల మీద వినిపించిన కూరల పేర్లు వింటే, ఊరంతా పెళ్లిభోజనాలు చేస్తోందనుకోవాలి. ధర ఎంతుందో పేపర్లో చూసుకోవచ్చు. మనిషి ఎంత కుదేలయ్యాడో తెలియాలంటే వాళ్లావిడ చెప్పే కూర ఎంత గొప్పగా ఉందో వినాలి.

5. కూర లేనినాడు పచ్చడికి పట్టాభిషేకం చేయండి

దీనికి సంక్రాంతి వేళకే ఏర్పాటు చేసుకోవాలి. చెట్టున పండిన ఎర్రటి మిరపకాయలు తెచ్చి, కడిగి, తడి లేకుండా గుడ్డతో ఒక్కొక్కటీ తుడవాలి. తొడిమ ముందే తీసి కడిగితే కాయలోకి నీళ్లు పోయి పచ్చడి బూజు పడుతుంది, అందుకని తుడిచాకే తీయాలి. కల్లుప్పు, గింజా పీచూ ఏరిన చింతపండు వేసి రోట్లో కచ్చాపచ్చాగా తొక్కి జాడీకెత్తాలి. మూడోనాడు తీసి, మెంతిపిండి కలిపి మళ్లీ నూరి, వెల్లుల్లి దండిగా వేసి తాలింపు పెట్టాలి. ఆ రోజు మీ అరచేతులు రాత్రంతా మండుతాయి. పచ్చడి మాత్రం ఏడాదంతా ఆదుకుంటుంది.

కూరగాయలు కొనే ఓపిక లేని రోజున దీన్ని తీసి, వేడన్నం, పచ్చి ఉల్లిపాయ పక్కన పెట్టుకుని ‘‘ఈ పూట కావాలనే పండుమిరప పచ్చడి వేసుకున్నాం, నోరు చచ్చిపోయిందని’’ అనండి. లేమి అక్కడికక్కడే రసికత అయిపోతుంది. నెయ్యి రెండో గరిటె వేసుకుంటుంటే ఎవరైనా చూశారా? మిరపలో మంట పుట్టించే పదార్థం నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది, ఇది శాస్త్రం అని చెప్పండి. మూడో గరిటెకు శాస్త్రం తోడు రాదు, తల తిప్పుకుని వేసుకోండి. ఇదంతా అనాదిగా వస్తున్న మన తిండి అని కూడా కలపండి. మిరపకాయ అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసువాళ్ల వెంట పదహారో శతాబ్దంలో మనకు చేరిందని గుర్తుచేసే మనిషిని ఈసారి భోజనానికి పిలవకండి.

6. కర్రీ పాయింట్ సరుకును మీ ఇంటిపేరులోకి మార్చుకోండి

ఎన్.ఆర్.టి. సెంటర్ వైపు బండి మీద వెళ్లిన మీ ఆయన ముడివేసిన కవర్లతో తిరిగొస్తారు. మొదట కవర్లు మాయం చేయాలి, అదీ మీ చెత్తబుట్టలో కాదు. గుత్తి వంకాయను సొంత మూకుడులోకి వంపి, పైన మీ చేత్తో ఇంత కరివేపాకు, కొత్తిమీర చల్లి, మూత పెట్టి సన్నసెగ మీద అయిదు నిమిషాలు ఉంచితే అది మీ అత్తగారి దగ్గర నేర్చుకున్న కూరవుతుంది. వాట్సాప్ స్టేటస్‌లో ఫొటో పెట్టేటప్పుడు పక్కన గరిట, కాస్త నూనె మరక కనబడేలా చూసుకోండి. మరీ శుభ్రంగా ఉన్న పొయ్యిని ఎవరూ నమ్మరు.

7. డల్లాస్ కబురు

ఇక్కడ రాత్రి ఎనిమిదైతే వేసవిలో డల్లాస్‌లో పొద్దున తొమ్మిదిన్నర. అబ్బాయి వీడియోలో ‘‘అమ్మా, ఏం కూర?’’ అంటాడు. వాడికి నిజం చెప్పకూడదు. చింతచిగురు మాంసం అంటే వాడు బెంగపెట్టుకుంటాడు, పొద్దుటి బీరకాయే వేడి చేసుకున్నాం అంటే ఒంట్లో బాగాలేదేమోనని డాక్టరు దగ్గరకు వెళ్లమంటాడు. ‘‘ఏదో నీకు ఇష్టంలేని కాకరకాయలే నాన్నా’’ అనేదే మధ్యేమార్గం. వాడేం తింటున్నాడని అడగండి. పాలలో నానబెట్టిన ఓట్స్ చూపిస్తాడు. జాలిపడండి గానీ ఊరు పేరు మాత్రం సరిదిద్దకండి. 2022లో మన పేట గుంటూరు జిల్లా నుంచి పల్నాడు జిల్లాలోకి మారినా, అక్కడి స్నేహితుల ముందు వాడు గుంటూరు కారం అనే చెప్పుకుంటాడు, చెప్పుకోనివ్వండి.

8. నలుగురి ముందూ వండకండి

తెనాలి దగ్గర గుడివాడలో మస్తానమ్మ గారు పొలం గట్టున పొయ్యి పెట్టి, పుచ్చకాయలో కోడికూర వండి ప్రపంచానికంతా చూపించారు. నూటఏడేళ్లని చెప్పే వయసులో, 2018 డిసెంబరులో కన్నుమూసేదాకా ఆమె వంటకు మూత లేదు. గౌరవించాల్సిందే గానీ ఆమె దారి మనకు కుదరదు. ఆరుబయట వండితే ఎంత నూనె పోశారో, మాంసం అరకిలోనా పావుకిలోనా లోకమంతా చూస్తుంది. ఆ ధైర్యం ఉన్నవాళ్లకు ఈ వ్యాసంతో పని లేదు.

9. గిన్నె గండం

ఇంత నేర్చుకున్నా ఒక్క మాటతో అంతా కూలిపోవచ్చు: ‘‘అయితే ఇంత గిన్నెలో పెట్టు వదినా, పిల్లాడు తింటాడు.’’ నాటుకోడి అని చెప్పి దొండకాయ వేపుడుతో దొరికిపోయేది ఇక్కడే. అందుకే మీరు ఇవ్వలేని కూర పేరు చెప్పకండి. చెప్పేశారా, ‘‘మా ఆడబిడ్డ పిల్లలొచ్చి గిన్నె ఊడ్చేశారు’’ అనడానికి ఒక ఆడబిడ్డను ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోండి.

గిన్నె వస్తే ఖాళీగా తిప్పిపంపకూడదన్నది ఇంకో చిక్కు. ఆపా వాళ్లింటి నుంచి రంజాన్‌కి సేమ్యా వచ్చిన స్టీలు గిన్నె మీ అలమరలో ఉగాది దాకా ఉండిపోతుంది, దానికి దీటైనది మీరు ఇంకా వండలేదు కాబట్టి. అడుగున చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు మీ ఇంటిది కాదని వచ్చినవాళ్లందరికీ తెలుస్తూనే ఉంటుంది. వీధిలో ఎవరెవరికి మాటలున్నాయో తెలుసుకోవాలంటే ఒకరింట్లో మరొకరి పేరున్న గిన్నెలు లెక్కపెడితే సరి.

10. అసలు కిటుకు

ఇంతకూ వదిన రోజూ ఎందుకడుగుతుంది? మీ గుట్టు కోసమని ఇప్పటిదాకా మీరు భ్రమపడి ఉంటారు. ఆమె ఇంట్లో బియ్యం కడిగి ఉన్నాయి, పొయ్యి వెలిగించాలి, ఏం వండాలో తోచడం లేదు. ఏడాదికి 365 రోజులు, రోజుకు రెండు పూటలు, మొత్తం 730 సార్లు ఒక్కర్తే తేల్చుకోవాల్సిన లెక్క అది. తరగడం, వండటం చేతులు చేసుకుపోతాయి. ఏం తరగాలో తేల్చడానికే ప్రాణం విసుగెత్తుతుంది. ఇంట్లో ఆయన్ని ‘‘ఏం వండమంటారు?’’ అని అడిగితే టీవీ మీదనుంచి కళ్లు తిప్పకుండా ‘‘ఏదో ఒకటి’’ అంటారు. ఆ ఏదో ఒకటి మన కూరగాయల మార్కెట్లో ఏ తట్టలోనూ దొరకదు. వండి పెట్టాక మాత్రం అది ఏదో ఒకటి కాదు, ‘‘మళ్లీ ఇదేనా’’ అవుతుంది.

కాబట్టి ఈసారి ఆ మాట వినిపించగానే వాదన పెట్టుకోకండి. పిట్టగోడ దగ్గరకు నింపాదిగా వెళ్లి, వీధికంతా వినబడేలా చెప్పండి: ‘‘ఈ పూట మా ఆయన వంట వదినా!’’ ఎవరూ నమ్మరు, నమ్మాల్సిన అవసరమూ లేదు. రేపు ఆయన టీకొట్టుకు వెళ్లేసరికి నలుగురూ ఆగి, ‘‘ఏం బావా, రాత్రి ఏం కూర వండావేంది?’’ అని అడుగుతారు. ఆయనే ఏదో ఒకటి చెప్పుకుంటారు.