నాస్ డేగ, టూపాక్ కాకి

కొబ్బరి ధర పడిపోయినా, కాలవ కట్టేసినా కోనసీమలో ఆగని వ్యవహారం ఒకటుంది. ప్రపంచంలోకెల్లా గొప్ప ర్యాప్ ఆల్బమ్ ఏదో తేల్చడం. అమలాపురం గడియార స్తంభం సెంటర్లో సాయంత్రం ఆరు దాటాక, టీ కొట్టు ముందు ఈ సభ కొలువు తీరుతుంది. అధ్యక్షులు గ్రూప్-2కి చదువుతున్న ఒక బావగారు. ఎన్ని నోటిఫికేషన్ల నుంచి చదువుతున్నారని అడగడం మర్యాద కాదు. కొత్తపేట కుర్రాడిది నాస్ పార్టీ, రాజోలు కుర్రాడిది టూపాక్ పార్టీ. రాజోలువాడి మెళ్ళో వేలాడే హెడ్‌ఫోన్లు కువైట్ నుంచి మేనత్త పంపినవి. అంచేత సంగీతం విషయంలో వాడి మాటకి కాస్త బరువెక్కువ.

"మా నాస్ 'ఇల్మాటిక్' ముందు ఏదైనా దిగదుడుపేనండీ" అంటాడు కొత్తపేట.

"ఆయ్, నలభై నిమిషాలు కూడా లేనిదాన్ని ఆల్బమనేస్తే ఎలాగండీ? మావోడి 'ఆల్ ఐజ్ ఆన్ మీ' చూడండి. రెండు సీడీలు, 27 పాటలు" అంటాడు రాజోలు.

"అందులో ఎన్ని విన్నావురా?"

ఈ ప్రశ్న సభా మర్యాదలకి విరుద్ధం. అడిగినవాడూ విని ఉండడు గనక వెంటనే వెనక్కి తీసుకుంటాడు. అమలాపురంలో బస్సెక్కి ఇల్మాటిక్ పెట్టుకుంటే రావులపాలెం వచ్చేలోపు ఆఖరి పాట అయిపోతుంది. ఆ మాత్రం దూరం కూడా నాస్‌తో కలిసి ప్రయాణం చేసినవాడు సభలో లేడు. విన్నది రీల్‌లో ఇరవై సెకన్లు, చదివింది ఎవరో వేసిన టాప్ టెన్ పట్టిక. వాదన మాత్రం రాత్రి తొమ్మిది దాకా.

సంక్రాంతి బరి చూసినవాళ్ళకి ఇదేం వింత కాదు. కోడిని ఏడాది పొడుగునా మేపినవాడు నోరు మెదపడు. పందెం కాసేవాడు మాత్రం రంగు చూస్తాడు, వారం చూస్తాడు, కుక్కుట శాస్త్రం తిరగేస్తాడు, ఇవాళ కాకి మీద డేగదే గెలుపని ఘంటాపథంగా చెబుతాడు. మనవాళ్ళ లెక్కలో నాస్ డేగ, టూపాక్ కాకి, ఎమినెమ్ ఎలాగూ సేతువ. ఈ బరిలో ఇంకో సంగతుంది. టూపాక్ 1996 సెప్టెంబరులో పోయాడు, అతని ప్రత్యర్థి బిగ్గీ 1997 మార్చిలో పోయాడు, ఇద్దరూ తుపాకీ గుళ్ళకే. అక్కడ బరి ఎత్తేసి పాతికేళ్ళు దాటింది. వాళ్ళ మీద కాసిన పందెం ఇక్కడ నడుస్తూనే ఉంది.

2024లో కెండ్రిక్ లామార్, డ్రేక్ ఒకరినొకరు పాటల్లో ఏకిపారేసుకున్నప్పుడు సభ మూడు రెట్లు పెరిగింది. కెండ్రిక్ తిట్టుపాట 'నాట్ లైక్ అస్'కి మరుసటేడు ఫిబ్రవరిలో అయిదు గ్రామీలు వచ్చాయి. అదే నెలలో సూపర్ బౌల్ ఆట విరామంలో కోట్లమంది ముందు మళ్ళీ పాడాడు. డ్రేక్ ఏం చేశాడు? ఆ పాట విడుదల చేసిన మ్యూజిక్ కంపెనీ మీద పరువు నష్టం దావా వేశాడు. అప్పటిదాకా డ్రేక్ పేరెత్తితే మొహం చిట్లించే బావగారికి ఈ దావాతో అతని మీద గౌరవం కుదిరింది. గట్టు తగాదాకి మూడు తరాలు కోర్టు మెట్లెక్కిన వంశం మరి.

"మీ డిస్సులన్నీ మాకు పాతవేరా అబ్బాయిలూ" అంటూ ఇక్కడ రిటైరైన తెలుగు మాస్టారు ప్రవేశిస్తారు. తిరుపతి వేంకట కవులకీ కొప్పరపు కవులకీ జరిగిందేమిటి? గీరతం అనే పుస్తకంలో ఉన్నదేమిటి? ఎదుటి కవిని పద్యంలో ఉతికి ఆరెయ్యడం కాదూ? మాస్టారి మాటలో పస ఉంది. జంటగా వేదికెక్కడం, ఆశువుగా అందుకోవడం, జనం ఈలలు, ఊరూరా రెండు పార్టీలు, అన్నీ ఉన్నాయి. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్ళపిళ్ళ వారు పుట్టిన కడియం ఎక్కడో లేదు, గౌతమి దాటితే వచ్చేస్తుంది. మాస్టారు అక్కడితో ఆగితే బాగుండును. దండకం ర్యాపేనంటారు, వేదంలో బీటుందంటారు. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ చెల్లెలి కోసం రికార్డులు తిప్పిన, హిప్‌హాప్ పుట్టిందని చెప్పుకునే పార్టీకి మూలం మన హరికథేనని నిరూపించబోతారు. "ఆ గీరతం ఓసారి ఇవ్వండి మాస్టారూ, చదివి ఇచ్చేస్తాం" అని కొత్తపేట కుర్రాడు వినయంగా అడిగాడు. "ఎవరో పట్టుకెళ్ళి తిరిగి ఇవ్వలేదురా" అన్నారు మాస్టారు.

బావగారి తీర్పు ప్రకారం స్వర్ణయుగం 1994 నుంచి 96 దాకా. "తొంభైయారు లాంటి ఏడాది మళ్ళీ రాదండి" అన్నారు ఒకరోజు, కళ్ళు అరమోడ్చి.

"వద్దు బాబూ, రాకూడదు" అంది టీ వడగడుతున్న పిన్నిగారు.

ఆవిడకి తొంభైయారంటే నవంబరు ఆరు. తుపాను. ఆ రాత్రి కూలిన కొబ్బరి చెట్లని లెక్కపెట్టడానికి అప్పుడు ఎవరికీ ఓపిక లేదు, ఎవరి మనుషులు మిగిలారో చూసుకోవడమే సరిపోయింది. దానికి ముందటేడు జనవరిలో పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి భగ్గుమని రెండు నెలల పైన మండింది. ఇల్మాటిక్ వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. 2014 జూన్‌లో నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపు పేలి ఇరవై మందికి పైగా పోయారు. ఇవేవీ పట్టికలోకి రావు. ఇల్మాటిక్ పొడుగునా ఉన్నది క్వీన్స్‌బ్రిడ్జి అనే ఒక్క సర్కారు ఇళ్ళ సముదాయం, అక్కడి మూలమలుపులు, జైల్లో ఉన్న నేస్తాలు. అది విడుదలయ్యేనాటికి నాస్‌కి ఇరవయ్యేళ్ళు. క్వీన్స్‌బ్రిడ్జి ఏ వంతెన కిందుందో మనవాళ్ళకి తెలుసు. పాశర్లపూడి బావి ఎటుందో పిన్నిగారిని అడగాలి.

రాజోలు కుర్రాడు సొంతంగా ఒక ర్యాప్ రాశాడు. సభలో చదివి వినిపించాడు. ఘెట్టోలో పుట్టాడట, మంచులో నడిచాడట, పోలీసు సైరన్ల మధ్య పెరిగాడట. నాన్నగారికి మూడెకరాల కొబ్బరి తోట, అందులో అంతర పంటగా కోకో ఉన్న సంగతి పాటలో రాలేదు. కోకోకి ప్రాస దొరకలేదన్నాడు. మంచు చూశావా అంటే ఫ్రిజ్‌లో చూశానన్నాడు.

తెలుగు ర్యాపర్లు పట్టికలో ఎందుకు లేరని ఎవరైనా అడిగితే సభకి దగ్గొస్తుంది. ఇల్మాటిక్ వచ్చిన 1994లోనే 'ప్రేమికుడు' క్యాసెట్టులో పేట ర్యాప్ మన తీర్థాల మైకుల్లో మోగింది. నోయెల్ ఉన్నాడు, రోల్ రైడా ఉన్నాడు. "వాళ్ళా? బిగ్‌బాస్‌లో చూశామండీ" అన్నారు అందరూ ఒక్క గొంతుతో. ఇద్దరూ వెళ్ళిన మాట నిజమే. అదే షోకి నాస్‌ని పంపించి ఉంటే ఈపాటికి కొత్తపేటలో ఫ్లెక్సీ లేచేది.

ఆడవాళ్ళ మాట ఇంకా ఎత్తలేదు. లారిన్ హిల్ 1998 ఆల్బమ్‌కి మరుసటేడు గ్రామీ ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ వచ్చింది, హిప్‌హాప్‌కి ఆ బహుమతి అదే మొదలు. సభ ఆ పేరుని గౌరవంగా పక్కన పెట్టింది. అప్పుడు ఎవరో రాజ కుమారి పేరు తీసుకొచ్చారు. కాలిఫోర్నియాలో పుట్టిన తెలుగమ్మాయి, కూచిపూడి నేర్చింది, ఫాల్ అవుట్ బాయ్ 'సెంచురీస్' పాట రాసినవాళ్ళలో ఒకరు, డివైన్‌తో కలిసి ర్యాప్ చేసింది. అసలు పేరు శ్వేతా యల్లాప్రగడ రావు. ఏ పాట బాగుంటుందని ఎవరూ అడగలేదు.

"యల్లాప్రగడ వారా? ఏ ఊరు వాళ్ళండీ?"

ఇంటిపేరు నలిగాక సభలో కొత్త ఉత్సాహం పుట్టింది. వెనకబల్ల మీంచి ఒకాయన, అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడనివాడు, టీ గ్లాసు కింద పెట్టి అసలు సందేహం బయటపెట్టాడు.

"ఇంతకీ కెండ్రిక్ గారు ఏమిట్లండీ?"

2018లో 'డామ్' ఆల్బమ్‌కి వచ్చిన పులిట్జర్ బహుమతి గురించి ఉపన్యాసం సిద్ధం చేసుకున్న బావగారు దాన్ని మింగేసి, ఫోన్లో వెతికి, "లామార్ ఇంటిపేరు కాదండీ. ఇంటిపేరు డక్‌వర్త్. ఆ ఆల్బమ్‌లో ఆఖరి పాట పేరు కూడా అదే" అన్నారు.

చినుకులు మొదలయ్యాయి. కుర్రాళ్ళు కొట్టు చూరు కిందికి జరిగారు.

"అంటే క్రికెట్లో వానొచ్చినప్పుడు స్కోరు మార్చేది వీళ్ళేనా?" అన్నాడు రాజోలు కుర్రాడు.

"ఆయ్, ఆ తాలూకాయే అయ్యుంటారు" అన్నారు బావగారు.

కెండ్రిక్‌కి ఆ పూట రెండు పార్టీల ఓట్లూ పడ్డాయి.