సున్నపురాయి ఏదిరా?

మా బావమరిది వీడియో గేములు ఆడగా చూసినవాళ్లు మా ఇంట్లో లేరు. వాటికి మోడ్లు, అంటే అభిమానులు రాసిన చేర్పులు, ఎక్కించగా మాత్రం అందరం చూశాం. రాత్రి పదికి కూచుంటాడు. పొద్దున ఫ్యాక్టరీ ఏ-షిఫ్టు జనం సైకిళ్లెక్కే వేళకి వంద మోడ్లు ఎక్కించి, ఆట తెరిచి, అది కుప్పకూలితే ఆ క్రాష్ రిపోర్టు ఆమూలాగ్రం చదువుకుని తృప్తిగా పడుకుంటాడు. మా ఉక్కు ఊళ్లో, కద్మాలో, సోనారిలో ఇలాంటివాడు వీధికొకడు ఉంటాడు. మావాడికి అదనంగా నోరు కూడా ఉంది.

బిష్టుపూర్ రామమందిరంలో నవమి పానకం వరసలోనూ వాడిది ఒకటే పంచాయితీ: ఏ గేము గొప్ప, మైన్‌క్రాఫ్టా, టెర్రేరియానా? ముందున్న పెద్దాయన అవేవో కాలేజీలనుకుని ఫీజెంతని అడిగాడు.

రెండూ 2011లో ఆర్నెల్ల తేడాతో పూర్తి రూపంలో వచ్చినవే. మైన్‌క్రాఫ్ట్ కంపెనీని మైక్రోసాఫ్ట్ 2014లో రెండున్నర బిలియన్ డాలర్లకు కొంది.

"ఏం లాభం బావా? కొత్త వెర్షన్ వస్తే పాత మోడ్లన్నీ గోవిందా. కోడ్‌లో పేర్లన్నీ గజిబిజి చేసి అమ్మేవాళ్లు. 2019 దాకా అసలు పేర్ల పట్టిక బయటపెట్టలేదు. అదే టెర్రేరియా చూడండి, చిన్న కంపెనీ. అభిమానులు కట్టిన, మోడ్లు ఎక్కించే టీమోడ్‌లోడర్‌ని 2020లో తన పక్కనే స్టీమ్ అనే గేముల అంగట్లో ఉచితంగా పెట్టించింది."

నిజమే, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ ఏడాదే 'జర్నీస్ ఎండ్' అని పేరు పెట్టి మరీ ఇక సెలవన్న టెర్రేరియా, 2022లో మళ్లీ పెద్ద అప్‌డేట్ వదిలింది. దానికి మావాడు ఒక్క మాట అనడు. మైన్‌క్రాఫ్ట్ వాళ్లు ఆ పని చేసుంటే ఆ రోజు పానకం మాకు గొంతు దిగేది కాదు.

మామగారి దగ్గర మాత్రం పప్పులుడకలేదు. ఆయన బ్లాస్ట్ ఫర్నేసులో చేసి రిటైరైన మనిషి. మైన్‌క్రాఫ్ట్‌లోనూ 2019 నుంచి బ్లాస్ట్ ఫర్నేస్ ఉందని వీడు గొప్పగా చూపించాడు. పైన ఇనుప ఖనిజం, కింద బొగ్గు, క్షణాల్లో కడ్డీ.

"సున్నపురాయి ఏదిరా?"

"అక్కర్లేదు నాన్నా."

"కోక్?"

"కట్టెముక్క వేసినా చాలు."

"స్లాగ్ ఎటు పోతోంది?"

"స్లాగ్ రాదు."

మామగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "దీనికి సంతకం పెట్టిన ఇంచార్జి ఎవడ్రా?"

టెర్రేరియా చూపిస్తే మరీ ఘోరం. అక్కడ కొలిమికి బొగ్గే వద్దు.

"దానికి మోడ్ ఉంది నాన్నా." పప్పులో ఉప్పెక్కువైనా వాడు అనే మాట ఇదే. మైన్‌క్రాఫ్ట్‌కి ఇమ్మర్సివ్ ఇంజనీరింగ్ అనేదేదో ఎక్కించాడు. అందులో ముందు ఓవెన్‌లో బొగ్గు కాల్చి కోక్ తియ్యాలి. ఆ కోక్ వేస్తే ఫర్నేసు ఉక్కు ఇస్తుంది, పక్కగా స్లాగూ ఇస్తుంది. స్లాగ్ కనబడగానే మామగారు కుర్చీ లాక్కున్నారు.

ఇప్పుడు ఏ, బీ, సీ మూడు షిఫ్టులూ ఆయనవే. కొత్త వెర్షన్ ఎక్కిస్తానని వీడు మౌస్ మీద చెయ్యేస్తే, "ఫర్నేసు నడుస్తుంటే ముట్టుకుంటావురా!" అని కసురుతున్నారు. ఆ మోడ్‌లోనూ సున్నపురాయి అడగరని మొన్న ఆయనకి తెలిసిపోయింది.

"ఇంతమంది పనిలో తప్పులు పడతావు కదా, ఆ సున్నపురాయి మోడేదో నువ్వే రాయి."

మావాడు సంచీ పట్టుకుని కూరలకని సాక్చి బజారుకి బయల్దేరాడు. ఎవరూ పంపకుండా వాడు కూరలకి వెళ్లడం నేను చూడ్డం అదే మొదలు.