కేబుల్ గైడు తేటగీతికి టీకా తాత్పర్యం

మూలం:

గైడు మారెను రాత్రిలో, గాఢనిద్ర
నుండ బాక్సుకు దక్కెను నూత్నరూపు;
వెతికి చూచిన నీటీవి వేరెచోట
దాగె, పాతది రాదింక, దారి లేదు.

అవతారిక: బెంగళూరులో కాపురముంటున్న ఒకానొక తెలుగు గృహస్థు పొద్దున్నే కాఫీ గ్లాసుతో సోఫాలో కూర్చుని, టీవీ పెట్టి, గైడు రూపం మారిపోయి ఉండడం చూసి ఆశువుగా చెప్పిన పద్యమిది. రసం మొదట అద్భుతం, మూడో పాదంలో రౌద్రం, చివరికి కరుణ. కవి పేరు ఎక్కడా దొరకదు. కస్టమర్ నంబరు మాత్రం బాక్సు అడుగున అంటించి ఉంటుంది. కాలనిర్ణయం కష్టం కాదు. కేబుల్ డిజిటైజేషన్ రెండో దశలో బెంగళూరు, హైదరాబాదు, విశాఖపట్నం సహా 38 నగరాలు ఉన్నాయి. వాటికి గడువు 2013 మార్చి 31. కేబుల్ వైరు తిన్నగా టీవీలోకే దూరిన పాత రోజుల్లో ఈ దుఃఖానికి తావులేదు కనుక, పద్యం ఆ తేదీ తర్వాతిదే. అప్పట్లో హడావిడిగా బిగించిన బాక్సులే కొన్ని ఇళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. బాక్సు పాతది, గైడు కొత్తది: పద్యానికి బీజం ఇదే.

ప్రతిపదార్థం: గైడు = ఏ ఛానెల్లో ఏ వేళకు ఏమి వస్తుందో చూపే పట్టిక; రాత్రిలో = జనం చూడని వేళ; నూత్నరూపు = కొత్త సాఫ్ట్‌వేరు; దక్కెను = అడగకుండానే వచ్చిపడెను. మిగిలినవి సుబోధకాలు.

'గాఢనిద్రనుండ' అన్నచోట వ్యాఖ్యాతలు రెండు వర్గాలయ్యారు. నిద్రపోయింది ఇంటాయన అని మల్లేశ్వరం వారు, బాక్సు అని మారతహళ్లి వారు. రెండోదే సాధువు. రిమోట్‌తో ఆపిన బాక్సు నిజంగా ఆగదు. ఎర్ర దీపం వెలిగించుకుని వైరు మీద వచ్చే కబురు వింటూనే ఉంటుంది. దాన్నే స్టాండ్‌బై అంటారు. కరెంటు బిల్లు మీద భక్తితో గోడ స్విచ్ కూడా ఆపేసేవారి బాక్సుకు ఆ రాత్రి అప్‌గ్రేడ్ అందదు. అది మర్నాడు మధ్యాహ్నం, సరిగ్గా సీరియల్ మొదలయ్యే వేళకు అందుకుంటుంది.

ఇక అది ఎలా చేరుతుందన్నది. కేబుల్ సంస్థ ఛానెళ్లను పంపే హెడ్‌ఎండ్ అనే చోట సాఫ్ట్‌వేరును ముక్కలు ముక్కలు చేసి, ఛానెళ్లతో పాటే వైరులోకి వదులుతారు. మొదటి ముక్క నుంచి చివరి ముక్క దాకా, మళ్లీ మొదటి నుంచి, ఆగకుండా తిరుగుతూనే ఉంటాయి. నామ సప్తాహంలో ఎవరు ఎప్పుడొచ్చి కూర్చున్నా భజన అంతా చెవిన పడ్డట్టే, బాక్సు ఏ నడిమధ్యన మేలుకున్నా తప్పిన ముక్కను తర్వాతి చుట్టులో పట్టుకుంటుంది. అన్నీ చేరాక, పంపినవాడి డిజిటల్ ముద్ర సరిచూసుకుని, తన ఫ్లాష్ మెమొరీలో రాసుకుంటుంది. తెర మీద శాతం గీత ఒకచోట ఆగి కదలనిది ఆ సమయంలో కావచ్చు. అప్పుడు ప్లగ్గు పీకితే, పాత కాపీని వేరుగా దాచుకునే బాక్సు బతికిపోతుంది. ఆ చోటు లేని చవక బాక్సు మళ్లీ కళ్లు తెరవకపోవచ్చు.

పదచ్ఛేదం: 'చూచిన నీటీవి'. చూచినన్ + ఈటీవి అని ఒక విరుపు, చూచిన + నీ టీవి అని మరొకటి. రెండో విరుపు ప్రకారం టీవీయే వేరేచోట దాగిందని అర్థం వస్తుంది. అది దొంగతనం కేసు అవుతుంది కానీ గైడు విషయం కాదు. కాబట్టి మొదటిదే గ్రాహ్యం. 1995లో పుట్టిన ఆ ఛానెలును కవి ఉపలక్షణంగా చెప్పాడే తప్ప దానిమీద ఆయనకు ద్వేషం లేదు.

'వేరెచోట' అనడంలో ఒక శాస్త్రం ఉంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017లో చేసి, 2019 ఫిబ్రవరి 1 నుంచి అమలు చేయించిన నిబంధనల ప్రకారం గైడులో ఛానెళ్లను ముందు జాతి వారీగా, అంటే వినోదం, వార్తలు, సినిమాలు, భక్తి అని విడదీయాలన్నారు. ఆ జాతిలో ఒక భాషవన్నీ ఒకేచోట వరసగా ఉంచాలి. ఒక ఛానెలు ఒక్కచోటే కనబడాలి; ఒకసారి ఇచ్చిన నంబరును ఏడాది పాటు కదపకూడదు. న్యాయంగానే ఉంది. కానీ బెంగళూరు తెలుగింటికి దీని ఫలం వేరు. జెమినీ ఒక వీధిలో, టీవీ9 మరో వీధిలో, శ్రీవేంకటేశ్వర భక్తి ఛానెల్ ఇంకా అవతల భక్తి పేటలో ఉంటాయి. ప్రతి పేటలోనూ కన్నడం, హిందీ, తమిళం దాటుకుంటూ వెళ్లాలి. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ పేటలతో పనిలేదు. ప్లాస్టిక్ కవరు తొడిగిన రిమోట్ మీద అంకెలు అరిగిపోయినా వేళ్లకు నంబర్లు గుర్తుంటాయి. నా దృష్టిలో అసలు గైడు ఆ వేళ్లే. కొత్త సాఫ్ట్‌వేరు నంబరు మార్చకపోయినా, జాబితాను బొమ్మల గడులుగా చేసి, గైడు నొక్కగానే హెచ్‌డీ ఛానెళ్లు, ప్రకటన ముందుకు తెచ్చిపెడితే వాళ్ల లెక్కకు ఛానెలు పోయినట్టే.

శంక: "ఏం బాబూ, మా పాత గైడు మళ్లీ పెట్టలేవా?"

సమాధానం: "పైనుంచే వచ్చిందమ్మా, మా చేతిలో ఏం లేదు."

శంక: "పైనుంచంటే? దేవుడా?"

సమాధానం: "కాదమ్మా, హెడ్‌ఎండ్."

కేబుల్ అబ్బాయి చెప్పింది అబద్ధం కాదు. బాక్సు వచ్చినదాని వెర్షన్ నంబరు చూస్తుంది. తనలో ఉన్నదానికంటే చిన్నదైతే సాధారణంగా తీసుకోదు. 'పాతది రాదింక, దారి లేదు' అన్నది అందుకే కవి నిరాశ కాదు, సాంకేతిక సత్యం.

విశేషం: పట్టికలోని సమాచారం సాఫ్ట్‌వేరుతో కాక వేరే ప్రవాహంలో వస్తుంది. డిజిటల్ ప్రసారాల డీవీబీ ప్రమాణంలో దానికి 18వ నంబరు మార్గం కేటాయించారు. 64 రోజుల కార్యక్రమాల దాకా పట్టే చోటుంది. వేళలు మాత్రం గ్రీనిచ్ లెక్కలో వస్తాయి, బాక్సే అయిదున్నర గంటలు కలుపుకోవాలి. అప్‌గ్రేడ్‌లో ఆ కూడిక తప్పిందా, రాత్రి 9 గంటల వార్తలు మధ్యాహ్నం 3:30కే అయిపోయినట్టు చూపిస్తుంది. మూలంలో లేనిది రాయనని కావ్యవ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి పెట్టుకున్న నియమాన్ని గైడు కూడా పాటిస్తుంది: ఛానెలువారు వివరం పంపకపోతే రోజంతా 'సమాచారం లేదు' అనే చూపుతుంది. తెలుగు పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో కనబడటానికి పాత బాక్సులో తెలుగు ఫాంటు లేకపోవడం ఒక కారణమైతే, చోటు కరువు మరొకటి. యూనికోడ్ యూటీఎఫ్-8 రూపంలో 'స్త్రీ' అన్న ఒక్క అక్షరానికి 18 బైట్లు కావాలి. కార్యక్రమం పేరూ సంగ్రహమూ కలిపి ఒక గడిలో 255 బైట్లకు మించి పట్టవు.

ప్రసంగవశాత్తు: అమెరికాలో 1988లో వచ్చిన ప్రివ్యూ గైడ్ ఛానెలును కేబుల్ ఆఫీసుల్లో అమీగా కంప్యూటర్లు నడిపేవి. అవి మొరాయించినప్పుడు ఊరంతటి టీవీల్లోనూ నల్లటి తెర మీద ఎర్రగా 'గురు మెడిటేషన్' అని పడేది. మన బాక్సుల్లో అంత వేదాంతం లేదు, ఎర్రర్ నంబరు పడుతుంది.

తాత్పర్యం: ఇంట్లో ఉన్న పాత బాక్సుకు ఇంటివారిని అడగకుండా రాత్రికి రాత్రి కొత్త గైడు వేయగా, కావలసిన ఛానెలు కనబడక, వెనక్కి పోయే దారీ లేక కవి విలపించుచున్నాడు. ఇందులో చిత్రమేమంటే, ఇలాంటి సాఫ్ట్‌వేరు రాసే చేతులు ఈ ఊళ్లోనే ఉన్నాయి. ప్రపంచమంతటి టీవీ సంస్థలకు గైడులు చేసిన ఎన్‌డీఎస్‌కు బెంగళూరులో పెద్ద కేంద్రం ఉండేది. 2012లో సిస్కో దాన్ని సుమారు 500 కోట్ల డాలర్లకు కొంది. 2018లో ఆ వ్యాపారం చేతులు మారి సినామీడియా అయింది. రాసేవారిలో మనవాళ్లూ తక్కువేం ఉండరు.

వారికొక మనవి. రంగులు మార్చండి, గడులు గుండ్రంగా చేయండి, అభ్యంతరం లేదు. అంకె నొక్కితే ఛానెలు రావడం ఆపకండి. తెలుగు ఛానెళ్లన్నిటినీ ఒకే జాబితాలో చూపే మీట ఒకటి పెట్టండి, పేర్లు తెలుగు లిపిలో రాయండి. పాఠకులకు చెప్పేదొక్కటే: శాతం గీత కదలకపోయినా సరే, ప్లగ్గు పీకకండి.