నాలుగు ఉద్యోగాలొచ్చిన నిరుద్యోగిని

"ఆంటీ, ఇది క్యాండిడేట్ల లైను. పేరెంట్స్ అంతా ఆ షామియానా కింద కూర్చోవాలి" అన్నాడు మెడలో బ్యాడ్జీ వేసుకున్న కుర్రాడు, ఎంతో మర్యాదగా.

"నేను పేరెంటునే బాబూ. క్యాండిడేటుని కూడా నేనే" అన్నాను.

పాపం, అతనికి ఇలాంటి గడ్డు ప్రశ్న సిలబస్‌లో లేదు. నా వెనక కొడుకో కూతురో నక్కి ఉన్నారేమోనని తొంగి చూశాడు. ఎవరూ కనబడకపోయేసరికి నిట్టూర్చి, టోకెన్ చేతిలో పెట్టాడు.

నాకు నలభై రెండేళ్ళు. ఎమ్మెస్సీ మ్యాథ్స్. నాలుగేళ్ళు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి, పెద్దది పుట్టాక మానేశాను. ఇప్పుడది ఇంటర్‌కొచ్చింది. దాని ఫీజు రెండో వాయిదా కట్టాల్సిన నెలలోనే మా సెంటర్లో 'మెగా జాబ్ మేళా' ఫ్లెక్సీ వెలిసింది. అందులో నాయకుల ఫోటోలు పద్దెనిమిది, నేనే లెక్కపెట్టాను. కంపెనీల పేర్లు ఆ తలకాయల సందుల్లో ఇరుక్కుని ఉన్నాయి. ఉద్యోగాల సంఖ్య మాత్రం బస్సులోంచి కూడా కనబడేలా వేశారు: వెయ్యికి పైగా!

మేళా జరిగే జిల్లా కేంద్రానికి ఆర్టీసీ బస్సెక్కి ఆధార్ చూపించాను. మన ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే స్త్రీశక్తి పథకం వచ్చింది కదా, కండక్టరు జీరో టికెట్ చింపి ఇచ్చాడు. ఆ రోజు నా రాశిఫలం అందులోనే అచ్చేసి ఉందని అప్పుడు తెలియలేదు.

తొమ్మిదింటికి మేళా అన్నారు. ముఖ్య అతిథి పదకొండున్నరకు వచ్చారు. జ్యోతి వెలిగించారు, శాలువాలు కప్పించుకున్నారు, ఉద్యోగం కోసం ఎండలో రెండున్నర గంటలు నిలబడ్డ మాకు సమయపాలన గురించి చెప్పి వెళ్ళారు. మాకు తలా ఒక మజ్జిగ ప్యాకెట్ దక్కింది. ఆ రోజు చేతికి నిజంగా అందిన వాటిలో అదే మొదటిది, అదే చివరిది.

మొదటి స్టాలు బీమా కంపెనీది. నా సర్టిఫికెట్లు తెరవనే లేదు. "మీ చుట్టాలు ఎంతమంది ఉంటారు మేడమ్? వాట్సాప్ గ్రూపులు ఎన్ని?" అని అడిగారు. అర్హత పదో తరగతి అని బోర్డు మీద ఉంది కానీ, అసలు అర్హత మేనమామలు, పెదనాన్నలు, పాలసీలు కట్టగల బావగార్లు. "ఇందులో జీతం ఉండదు మేడమ్, ఇన్‌కమ్ ఉంటుంది. ఇంత అని లిమిట్ లేదు" అన్నాడాయన. లెక్కల టీచర్ని, నాకు అనుమానమొచ్చింది. పై హద్దు లేదని చెప్పాడు సరే, కింది హద్దు సున్నా అని ఎందుకు చెప్పలేదు? అడిగేలోపే నా పేరు రిజిస్టర్లో ఎక్కింది: 'సెలెక్టెడ్'.

రెండోది కాల్ సెంటర్.

"రెజ్యూమెలో పదహారేళ్ళ గ్యాప్ కనబడుతోంది మేడమ్?"

"అవునండీ. ఆ గ్యాప్ ఇప్పుడు ఐదడుగుల రెండంగుళాలు ఉంది, ఎంపీసీ చదువుతోంది. దాని వెనక ఇంకో గ్యాప్ ఐదో తరగతి."

అతను నవ్వలేదు. కంప్యూటర్లో గ్యాప్‌కి కారణాల జాబితా వెతికి వెతికి, 'అదర్స్' నొక్కాడు. ఇద్దరు పిల్లల్ని కని పెంచడం మన దేశంలో 'అదర్స్' కిందకు వస్తుందని ఆ రోజే తెలిసింది. ప్రభుత్వం వారే 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్ళు దానికి రోజూ సగటున 289 నిమిషాలు పెడుతున్నారు, మగవాళ్ళు 88 నిమిషాలు. రోజుకు దాదాపు ఐదు గంటలు, వీక్లీ ఆఫ్ లేకుండా! ఇంత పెద్ద సంస్థలో పదహారేళ్ళు పనిచేసినా ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇచ్చే నాథుడు లేడు.

"ప్రెషర్‌లో పనిచేయగలరా?" అని తర్వాతి ప్రశ్న.

"మా ఇంట్లో ప్రెషర్‌లో పనిచేసేవాళ్ళం ఇద్దరమే బాబూ, నేనూ కుక్కరూ. విజిల్ వేసే హక్కు దానికొక్కదానికే ఉంది."

జీతం పదిహేను వేలు సీటీసీ, అంటే కంపెనీకి నా మీద అయ్యే మొత్తం ఖర్చు, అన్నాడు. కాగితం తీసుకుని లెక్క కట్టాను. పీఎఫ్‌కి కంపెనీ 12 శాతం, ఉద్యోగి 12 శాతం వేయాలి కదా. కంపెనీ వేయాల్సిన వాటా నా పదిహేను వేలలోంచే, నా వాటా కూడా నా పదిహేను వేలలోంచే. ఈఎస్ఐదీ అదే దారి. ఇద్దరూ చెరో చెయ్యి వేస్తున్నారు కానీ, రెండు చేతులూ నా పర్సులోనే ఉన్నాయి. చేతికొచ్చేది సుమారు పదకొండున్నర వేలని తేలింది. "మీరు లెక్కల్లో బాగా స్ట్రాంగ్ మేడమ్" అని మెచ్చుకున్నాడు. ఆ మెప్పు మాత్రం సీటీసీలో కలపలేదు. తర్వాతి రౌండ్ హైదరాబాదులో అట. 'షార్ట్‌లిస్టెడ్'.

మూడోది పక్క రాష్ట్రంలో ఎలక్ట్రానిక్స్ కర్మాగారం. హాస్టలు ఉంది, బస్సు ఉంది, భోజనం ఉంది. నాకు చోటు మాత్రం లేదు. "అన్‌మ్యారీడ్ అయితే ప్రిఫరెన్స్ అక్కా" అని గొంతు తగ్గించి చెప్పిందా అమ్మాయి. బోర్డు మీద ఆ ముక్క లేదు. ఇలాంటివి రాయరు, చెవిలో చెప్తారు. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఆడదన్న కారణంతో వివక్ష చూపకూడదని మనం 1976లోనే చట్టం చేసుకున్నాం. 2024 జూన్‌లో చెన్నై దగ్గర ఐఫోన్లు బిగించే ఫ్యాక్టరీలో పెళ్ళైనవారిని పక్కన పెడుతున్నారని రాయిటర్స్ వార్త రాస్తే, కేంద్రం తమిళనాడు ప్రభుత్వాన్ని నివేదిక అడిగింది, అలాంటిదేమీ లేదని కంపెనీ అంది. మొత్తానికి తాళి కట్టించుకోకపోతే ఊరు ఊరుకోదు, కట్టించుకుంటే ఫ్యాక్టరీ ఊరుకోదు. "అయినా పేరు రాసి వెళ్ళండక్కా, సాయంత్రానికి మాకూ టార్గెట్ ఉంది" అందా పిల్ల. పాపం అనిపించి రాశాను.

నా వెనక చంకలో ఎనిమిది నెలల బిడ్డతో ఒకమ్మాయి ఉంది, బీటెక్. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే ఏర్పాటు ఉండాలని 2017లోనే ప్రసూతి చట్టాన్ని సవరించారు. ఆ ధైర్యంతో పక్క స్టాలులో "మీ దగ్గర క్రెష్ ఉందాండీ?" అని అడిగింది. హెచ్ఆర్ కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. "లేదండీ, నాకు ఎంగేజ్‌మెంట్ అయిపోయింది" అన్నాడు. ఆ కుర్రాణ్ణి నేను తప్పుపట్టను. క్రష్ అనే మాట అతను రోజూ వింటాడు, క్రెష్ అనే మాట వాళ్ళ ఆఫీసులో ఎవరూ పలికి ఉండరు.

నాలుగోది కార్పొరేట్ కాలేజీ. ఇక్కడ నాకు రాజమర్యాదలు జరిగాయి. "మ్యాథ్స్ ఎమ్మెస్సీనా! రేపే జాయినైపోండి మేడమ్" అన్నారు. కళ్ళు చెమర్చాయి. వెంటనే ఆరిపోయాయి కూడా. క్లాసులు తర్వాతట. ముందు అడ్మిషన్లట. ఇల్లిల్లూ తిరిగి ముప్పై మంది పిల్లల్ని తెస్తే అప్పుడు సుద్దముక్క చేతికిస్తారట. జీతం నెలకు పన్నెండు వేలు, అంటే ఏడాదికి లక్షా నలభై నాలుగు వేలు. మా అమ్మాయి చదివేది వాళ్ళ దగ్గరే, హాస్టల్‌తో కలిపి ఏడాదికి లక్షా అరవై వేలు కడుతున్నాను. సమీకరణం చాలా సులువు: నేను సంవత్సరమంతా వాళ్ళకు పనిచేసి, పైన పదహారు వేలు ఎదురిస్తే ఇద్దరికీ చెల్లు. పనిచేసినందుకు యజమాని డబ్బివ్వాలనే పాత ఆచారాన్ని ఎంత చక్కగా సంస్కరించారో! ఇక్కడా 'సెలెక్టెడ్'.

సాయంత్రం నన్ను వేదిక మీదికి పిలిచారు. చప్పట్ల మధ్య ఎవరో పెద్దాయన ఒక కవరిచ్చారు. ఫోటో దిగాం. మెట్లు దిగుతుంటే బ్యాడ్జీ కుర్రాడు పరుగెత్తుకొచ్చి, "ఆంటీ, ఆ కవరు ఇచ్చెయ్యండి. నెక్స్ట్ ఫోటోకి కావాలి" అన్నాడు. తెరిచి చూశాను, ఖాళీది. ఇచ్చేశాను.

అప్పుడే మైకు మోగింది: "మన మేళాలో ఈ ఒక్కరోజే ఆరువందల మందికి పైగా యువతీయువకులు ఉద్యోగాలకు ఎంపికయ్యారు!" యువతి అన్నందుకు క్షణం పొంగిపోయాను. తర్వాత లెక్క తట్టింది. ఆ ఆరువందల్లో నేను నాలుగు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. మా సోమలింగాలు నలుగురు.

ఆ లెక్క వింటే మా నాన్న గుర్తొచ్చాడు. ఆయన ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజి కార్డు ఇంకా ట్రంకు పెట్టెలో ఉంది. ఖాళీలుంటే ఆ ఆఫీసుకు తెలపాలని 1959లో చట్టం వచ్చింది, ఆ ఆఫీసు పంపినవాళ్ళనే తీసుకోవాలని మాత్రం అందులో లేదు. నాన్న ఏళ్ళ తరబడి కార్డు రెన్యువల్ చేయించుకుంటూ పోస్టుమాన్ కోసం ఎదురుచూశాడు. ఆయన రోజుల్లో నిరుద్యోగిని నిరుద్యోగిగానే లెక్క రాసేవారు. ఆ మాత్రం నిజాయితీ అప్పటి రిజిస్టర్లకు ఉండేది.

మేళా పెద్దలకు ఒక మనవి. మేళా రోజు సాయంత్రమే సంఖ్య చెప్పకండి. మూడు నెలలు ఆగండి. ఎంతమంది చేరారు, మొదటి నెల చేతికి ఎంత వచ్చింది, మూడో నెలకు ఎంతమంది మిగిలారు? ఈ మూడు అంకెలు అదే సెంటర్లో, అదే ఫ్లెక్సీ మీద, బస్సులోంచి కనబడేంత పెద్దగా వేయండి. పక్కన మీ ఫోటోలు ముప్పై ఆరు వేసుకున్నా మాకు అభ్యంతరం లేదు. అందాకా మీ ఆరువందల్లోంచి ఒక నాలుగు కొట్టేయండి. ఆ నలుగురూ నేనే. ఇంట్లోనే ఉన్నాను.