బీరువాలో చిట్టా

జోలార్‌పేటలో రైల్లో ఆడవాళ్ళ పెట్టె ఖాళీ అయింది. మిగిలింది ఒక్కతే. చిత్తూరు వైపు వెళ్తున్న తెలుగు ఆడబిడ్డ, కడుపుతో ఉంది. అప్పుడెక్కాడొకడు. ఆంబూరు దాటింది. మా గుడియాత్తం దాటింది. కె.వి.కుప్పం దగ్గర ఆమెను కదిలే రైల్లోంచి తోసేశాడు. కడుపులో బిడ్డ దక్కలేదు. 2025 ఫిబ్రవరి 6.

తెల్లారాక తేలిందేమిటి? అతగాడు పోలీసులకు పాతకాపే. రైల్లో ఆడమనిషి మీద దాడి చేసిన కేసు ముందే ఉంది. గూండా చట్టం కింద లోపలికి వెళ్ళొచ్చాడు. బెయిలు మీద తిరుగుతున్నాడు.

మరి ఇలాంటివాళ్ళ కోసం దేశానికో చిట్టా ఉంది కదా? ఉందండీ, బ్రహ్మాండంగా ఉంది. 2018 సెప్టెంబరు 20న కేంద్ర హోం శాఖ ఆర్భాటంగా మొదలుపెట్టింది. లైంగిక నేరస్థుల జాతీయ డేటాబేస్. అప్పటికే 4.4 లక్షల పేర్లు. ఇలాంటిది పెట్టుకున్న దేశాల్లో మనది తొమ్మిదోదని చంకలు గుద్దుకున్నాం. చూసేదెవరు? పోలీసులు. పేరెక్కాలంటే? శిక్ష పడాలి. అదే ఏడాది తీర్పు వచ్చిన అత్యాచారం కేసుల్లో శిక్ష పడినవి నూటికి 27. తీర్పే రానివాటి సంగతి అడక్కండి. బెయిలు మీదున్నవాడికి తీర్పు లేదు. తీర్పు లేనివాడికి చిట్టాలో చోటు లేదు. ఆడవాళ్ళ పెట్టెలో మాత్రం చోటు దొరికింది!

రుజువు కాకుండానే పేరెక్కించమని నేననను. అలా మొదలైతే రేపు ఎవరి పేరైనా ఎక్కుతుంది. బెయిలు మీదున్నవాడి మీద ఓ కన్నేసి ఉంచమంటున్నాను. దానికి డేటాబేస్ దేనికి? పెట్టెలో ఒక కానిస్టేబులు చాలు. మా వైపు రైళ్ళలో కిటికీ పక్కన 139 అని సాయం నంబరు స్టిక్కరు మాత్రం ఉంటుంది, సగం చిరిగి. మీద పడినవాడు ఆగుతాడా, 'నంబరు నొక్కుకో అమ్మా' అని?

సరిహద్దు అవతల మనవాళ్ళ ముచ్చట ఇంకా గొప్పది. 2019 డిసెంబరు 13న ఆంధ్ర శాసనసభ దిశ బిల్లును ఆమోదించింది. 21 రోజుల్లో తీర్పట! ఆడవాళ్ళ మీద, పిల్లల మీద నేరాలు చేసినవాళ్ళ చిట్టా జనమంతా చూసేలా పెడతారట! చప్పట్లే చప్పట్లు. రాష్ట్రపతి సంతకం మాత్రం పడలేదు. అయితేనేం? 2020 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో దిశ స్టేషను తెరిచారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. మనవాళ్ళు సోమలింగానికి స్టేషను తెరిచి, ఫోన్లో ఆప్ కూడా పెట్టారు.

ఇక్కడ చెన్నైలో తక్కువ తిన్నారా? 2025 జనవరిలో శిక్షలు పెంచుతూ బిల్లు. నెల తిరక్కముందే కె.వి.కుప్పం.

'అమెరికాలో అయితేనా!' అంటారు మా వేలూరు టీకొట్టు మేధావులు. నిజమే. 1996లో వచ్చిన మేగన్ చట్టం పుణ్యమా అని అక్కడ లైంగిక నేరంలో శిక్షపడ్డ పక్కింటివాడి పేరూ ఫొటో ఎవరైనా వెతుక్కోవచ్చు. మయామిలో అలాంటివాళ్ళు బడులకు 2,500 అడుగుల లోపు కాపురం ఉండొద్దన్నారు. ఊళ్ళో ఇల్లు దొరక్క వాళ్ళలో కొందరు వంతెన కింద గుడారాలేసుకున్నారు. బడికి దూరం కొలిచారు, మనిషి ఎక్కడ తేలతాడో కొలవలేదు. బ్రిటన్‌ది మధ్యేమార్గం. తల్లి అనుమానంతో అడిగితే పోలీసులు విచారించి, అవసరమైతే చెవిలో చెబుతారు. మూడింట్లో నాకదే కాస్త బుర్రున్న పనిగా తోస్తుంది. కానీ మన తల్లి స్టేషనుకెళ్ళి 'మా వీధిలో కొత్తగా దిగినవాడి సంగతేంటి సార్?' అని అడిగితే? ముందు ఆమె సంగతేంటో రాసుకుంటారు!

ఇంకో చేదు నిజం. మన నేర గణాంకాల్లో అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్ళే. మామ, బాబాయి, పక్కింటి అన్న. వాళ్ళ పేర్లు చిట్టాలో ఎందుకుంటాయి? పెళ్ళి శుభలేఖల్లో ఉంటాయి.

ఇక మన రైలు మనిషి సంగతి. 2025 జులైలో తిరుపత్తూరు కోర్టు తీర్పు చెప్పింది. చచ్చేదాకా జైలు. ఇక వాడి పేరు చిట్టాలోకెక్కే అర్హత సంపాదించింది.