సెల్లుల సోమయాజి

గురుగ్రామ్ సైబర్ సిటీ అద్దాల మేడల్లో ఈయన ఏదో ఒక అంతస్తులో తప్పక తగులుతాడు. తెలుగువాడే. సేల్స్ వాళ్లు పంపిన ఎక్సెల్ షీటును మ్యాపు మీదికి ఎక్కించడం ఉద్యోగం. ఎక్కించడం ఐదు నిమిషాల పని. షీటును మడి కట్టించడానికే వారం పడుతుంది.

వచ్చిన ఫైలును నేరుగా ముట్టుకోడు. కాపీ తీసి, అసలుదాన్ని విడిగా దాచి, అప్పుడు మొదటి వరస చూస్తాడు. అక్కడ కాలమ్ పేర్లకు బదులు గళ్లన్నీ కలిపేసి, పసుపు పూసి, ‘డీలర్ల లిస్టు ఫైనల్ ఫైనల్’ అని ఉందా, ఇక అయిపోయిందే.

“ఎవరయ్యా మెర్జ్ చేసింది?”

“నేనే అన్నా. చూడ్డానికి బాగుంటుందని...” అంటాడు గుంటూరు నుంచి కొత్తగా దిగిన కుర్రాడు.

“చూడ్డానికి మనం ఉన్నాం. చదవాల్సింది క్యూజీఐఎస్ అనే మ్యాపు సాఫ్ట్‌వేర్. వరసకో డీలరు, గడికో సంగతి. రంగులు సంక్రాంతి ముగ్గుకు దాచుకో.”

అక్షాంశ రేఖాంశాల దగ్గర ఆయన ఆచారం మరీ ముదురుతుంది. గురుగ్రామ్ ఉండేది 28 ఉత్తరం, 77 తూర్పు. రెండు కాలమ్‌లు అటూఇటూ అయ్యాయంటే సెక్టార్ 14 షాపు నార్వేకు ఉత్తరాన ఆర్కిటిక్ నీళ్లలో తేలుతుంది. 28 డిగ్రీల 27 నిమిషాలను 28.27 అని కొట్టే మహానుభావులూ ఉన్నారు. డిగ్రీకి నిమిషాలు అరవై కాబట్టి అది 28.45 కావాలి. లేదంటే షాపు ఇరవై కిలోమీటర్లు దక్షిణానికి, సోహ్నా వైపు వలసపోతుంది. తెలియని చోట సున్నాలు నింపితే నేరుగా ఆఫ్రికా పక్కన గినియా సింధుశాఖలో మునగడమే. లేని ఆ దీవికి మ్యాపులవాళ్లు ‘నల్ ఐలాండ్’ అని పేరు కూడా పెట్టారు. “సార్, అక్కడ మనకు బోలెడు షాపులున్నాయి. ఏరియా మేనేజర్ని వేయండి” అని ఈయన సేల్స్ హెడ్డుకు మెయిలు కొడతాడు. ఆయన నిజంగానే బడ్జెట్ అడిగాడని వినికిడి.

హైదరాబాద్ లిస్టు వచ్చిన రోజు మాత్రం జాలి వేస్తుంది. 6-3-10 అనే ఇంటి నంబరును ఎక్సెల్ 2010 మార్చి 6గా మార్చేస్తుంది. ఆ కాలమ్‌ను ముందే ‘టెక్స్ట్’ చేయనందుకు శిక్ష. “జన్యుశాస్త్రవేత్తలే ఈ తేదీల గోల పడలేక 2020లో కొన్ని జన్యువుల పేర్లు మార్చుకున్నారు, మనమెంత” అని తనను తాను ఊరడించుకుంటాడు.

జిల్లాల పేర్లు ఇంకో తద్దినం. గుర్గావ్ 2016లో గురుగ్రామ్ అయింది. షీట్లో మాత్రం సగం గుర్గావ్, సగం గురుగ్రామ్, కొన్నిటి చివర కంటికి కనిపించని స్పేసు. సరిహద్దుల ఫైలుతో కలపగానే హర్యానా అంతా రంగులద్దుకుని, మనం కూర్చున్న జిల్లా ఒక్కటే బోడిగా మిగులుతుంది. తెలంగాణ గురించి అడగొద్దు. 2011 జనగణన కోడ్లలో పది జిల్లాలు, ఇప్పుడు 33.

ఇంట్లో సరుకుల చీటీకి కూడా హెడర్ అడుగుతాడని వాళ్లావిడ గోడు.

చివరికి సీఎస్‌వీ తయారవుతుంది. అదీ యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లోనే, లేకపోతే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. మ్యాపు లేస్తుంది. ప్రతి చుక్కా దాని వీధిలో దానిది. బాసు ఫోనులోనే వేలితో అటూఇటూ జరిపి చూసి, మెచ్చుకున్నాడు.

“చాలా బాగుంది. దీన్నే ఒకసారి ఎక్సెల్లో పెట్టి పంపు. పైన గళ్లు మెర్జ్ చేసి, కంపెనీ పేరు మధ్యలోకి వచ్చేట్టు చూడు.”