నాలుగిళ్ల ఇంజన్

మిషిగన్‌లో మా గరాజ్‌లో స్టాండు మీద వేలాడుతున్న ఇంజన్‌ది ఏ వంశమంటే ఒక్క మాటలో చెప్పడం కష్టం. బ్లాకు, హెడ్డు 1998 జీప్ చెరోకీవి. క్రాంక్‌షాఫ్టు ఏఎంసీ ఈగిల్ అనే కారుది. అది కారుకీ జీపుకీ మధ్యరకం, 1987లోనే తయారీ ఆగిపోయింది. కనెక్టింగ్ రాడ్లు ఎవరిదో పాత రాంగ్లర్‌వి. ఇంజెక్టర్లు ఏకంగా ఫోర్డ్ వాళ్లవి. ఇలాంటి కూర్పుని ఇక్కడివాళ్లు పూర్ మ్యాన్స్ స్ట్రోకర్ అంటారు. ఆ పేరు పెట్టినవాడికి పేదరికమంటే ఏమిటో బొత్తిగా తెలీదని మా ఆవిడ అభిప్రాయం.

ఇంజన్‌ని పెద్దది చెయ్యడానికి దారులు రెండే. సిలిండర్‌ని వెడల్పు చెయ్యాలి, లేదా పిస్టన్ పైకీ కిందకీ తిరిగే దూరాన్ని, అంటే స్ట్రోకుని, పెంచాలి. వెడల్పు ఎంతో చెయ్యలేం, గోడ పల్చబడి నీళ్లు లోపలికొస్తాయి. స్ట్రోకు పెంచాలంటే మాత్రం క్రాంకు మారిస్తే చాలు. డబ్బున్నవాళ్లు ఆ క్రాంకుని కొత్తగా చేయించుకుంటారు. మనబోటివాళ్లు పాత ఇనుములో వెతుక్కుంటారు.

ఈ వెతుకులాటకి పుణ్యం కట్టుకున్నది ఏఎంసీ కంపెనీయే. వాళ్ల ఆరు సిలిండర్ల ఇంజన్ 1964లో పుట్టింది. అదే పెరిగి పెరిగి 1971కి 4.2 లీటర్లయింది. 1980ల మధ్యలో కొత్త ఇంజన్ కావాల్సొచ్చింది కానీ కంపెనీ చేతిలో చిల్లిగవ్వ లేదు. అంచేత పాతదాన్నే సవరించి, బోరు కాస్త పెంచి, స్ట్రోకు తగ్గించి, 4 లీటర్ల ఇంజన్‌గా దింపారు. మా చెరోకీది ఈ 4 లీటర్లదే, ఈగిల్ క్రాంకూ రాంగ్లర్ రాడ్లూ ఆ పాత 4.2వి. 1987లో క్రైస్లర్ ఆ కంపెనీనే కొనేసింది. ఇంజన్ మాత్రం 2006 దాకా నడిచింది. లేమిలో పుట్టింది కాబట్టే పెద్దన్నయ్య సామాన్లు తమ్ముడికి సరిపోతాయి. కంపెనీ అప్పట్లో కాస్త కలిగినదై ఉంటే మా గరాజ్‌లో ఈపాటికి కారు ఉండేది.

జాతకాలు కలిసిన వైనం చూడండి. 4 లీటర్ల ఇంజన్ స్ట్రోకు 3.414 అంగుళాలు, పాతదాని స్ట్రోకు 3.895. పాత క్రాంకు వేస్తే పిస్టన్ ఆ తేడాలో సగం, అంటే 0.24 అంగుళం, పైకెక్కువ లేస్తుంది. హెడ్డుకి కొట్టుకుంటుందేమోనని భయం. కొట్టుకోదు. ఎందుకంటే కొత్త ఇంజన్ రాడ్డు పొడవు 6.125 అంగుళాలైతే పాతదాని రాడ్డు 5.875. కురచ ఎంతయ్యా అంటే సరిగ్గా 0.25. క్రాంకు లేపినంతా రాడ్డు మింగేసింది! పిస్టన్ దాదాపు ఎప్పుడుండే చోటే ఆగుతుంది. ఏ పండితుడూ కుదర్చని ఇలాంటి పొంతన చూశాక ముహూర్తం పెట్టకుండా ఎవరుండగలరు? సిలిండర్లు 30 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఓవర్‌సైజుకి రీబోర్ చేయించి కొత్త పిస్టన్లు వేస్తే 4 లీటర్లది 4.6 అవుతుంది.

క్రాంకు దొరికింది జంక్‌యార్డ్‌లో. అక్కడ మన పానాలు మనమే పట్టుకెళ్లి, మంచులో వెల్లకిలా పడుకుని, మనమే విప్పుకోవాలి. కౌంటర్లో కుర్రాడు ఈగిల్ అనే కారుందని నమ్మలేదు గానీ, క్రాంకులన్నిటికీ ఒకటే రేటు కాబట్టి నమ్మాల్సిన అవసరం అతనికి లేకపోయింది. పైన కోర్ చార్జీ వేశాడు. అంటే, పాత సామాను కొన్నందుకు బదులుగా ఇంకో పాత సామాను తెచ్చివ్వాలి, లేకపోతే ఆ డబ్బు అంతే సంగతులు.

బడ్జెట్ అనే మాట అంతటితో అయిపోయింది. తక్కిన కథంతా ఒకే వాక్యం మీద నడిచింది: “ఎలాగూ విప్పాం కదా.” ఎలాగూ విప్పాం కదా, ఆయిల్ పంపు కొత్తది వేద్దాం. టైమింగ్ చైను పాతది పెట్టి మూస్తామా? క్యామ్ బేరింగులు, లిఫ్టర్లు, వాటర్ పంపు... మెషిన్ షాపులో క్రాంకు గ్రైండింగుకీ బ్యాలెన్సింగుకీ అయినదాని ముందు క్రాంకు ధర టీ ఖర్చులో పోతుంది. మా ఆవిడ ఎక్సెల్‌లో ఒక ఫైలు తెరిచి, ఇలాంటివన్నీ వేరే వరసలో వేసింది. ఆ వరస అసలు వరస కన్నా పొడుగైంది.

సరిగ్గా అప్పుడే మా మావయ్యగారు విజయవాడ నుంచి దిగారు. ఆటోనగర్‌లో లేత్ మీద జీవితం గడిపిన మనిషి. మహీంద్రా జీపుల్లో కంపెనీవాళ్లే ప్యూజో డీజిల్ ఇంజన్లు పెట్టడం చూసినవారికి, నాలుగిళ్ల సామాను ఒకచోట చేరడం పెద్ద విశేషంగా తోచలేదు. ఆయన బాధ వేరు. “ఇది జీపేమిటి బాబూ, నాలుగు తలుపులూ, పైన రేకూను!” అన్నారు. మెషిన్ షాపు బిల్లు చూపిస్తే చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు.

ఈగిల్ క్రాంకు ముక్కు కాస్త పొడుగు. ముందు పుల్లీ సరిగ్గా కూర్చోవాలంటే స్పేసరు కావాలి. ఆర్డరిచ్చి వారం ఆగాలన్నాను. “రింగుముక్కకి వారమా? లేత్ ఎక్కడుంది?” అన్నారు. మిషిగన్‌లో, అదీ డెట్రాయిట్ పక్కన, వీధి చివర లేత్ షాపు లేదన్న సంగతి ఆయనకి ఇప్పటికీ మింగుడు పడలేదు. బేరింగ్ సందు కొలవడానికి నేను ప్లాస్టిగేజ్ తీశాను. మైనపు దారంలాంటిది పెట్టి బిగించి, విప్పి, అది ఎంత నలిగిందో చూసి సందు చెప్పేది. ఆయన క్రాంకుని వేళ్లతో ఒక చుట్టు తిప్పి, “రెండు థౌ ఉంటుంది, బిగించండి” అన్నారు. దారం కూడా అదే చెప్పింది. నాకు కొంచెం అవమానంగానే ఉంది.

“పెట్రోలు ఏది పడుతుంది?” అన్నారోసారి. అదే అడగకూడని ప్రశ్న. సిలిండర్ పెరిగింది, హెడ్డులో గది మాత్రం పాతదే. దాంతో 8.8 దగ్గరుండే కంప్రెషన్ 9.5 దాటేస్తుంది. మామూలు 87 ఆక్టేన్ పోస్తే లోపల టకటకమని కొట్టుకుంటుంది, ప్రీమియం పొయ్యాలి. పేదవాడి ఇంజన్ బతికినన్నాళ్లూ బంకులో ఖరీదైన గొట్టం దగ్గరే నిలబడుతుందన్నమాట. ఈ సంగతి ఎక్సెల్ దాకా ఇంకా చేరలేదు. మావయ్యగారు కూడా కూతురికి చెప్పలేదు, మగవాళ్ల పరువు తెలిసినవారు.

మొన్న శనివారం హెడ్డు బిగించడం అయిపోయింది. ఇక ఎక్కించడమే అనుకుని గొలుసు సర్దుతున్నాను. మావయ్యగారు చెరోకీ కింద టార్చి వేసి చూస్తూ అక్కణ్ణుంచే పిలిచారు.

“బాబూ, ఎలాగూ ఇంజన్ దింపాం కదా, ఆ గేర్‌బాక్సు కూడా ఓసారి విప్పేద్దామా?”